అసల్ ఉత్తర్ గేమ్: టేబుల్ మీద పాటన్ ట్యాంకులు ఎందుకు ఓడిపోవట్లేదు?

త్రీడీ_కిరణ్ (హైదరాబాద్)

ఒక సందేహం. 1965 భారత్-పాక్ యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర జరిగిన ట్యాంక్ పోరును మా గ్యాంగ్ టేబుల్ మీద ఆడుతోంది. 15 ఎం.ఎం. సైజు, అంటే అసలు ట్యాంకులో 1/100 వంతు. బొమ్మ ట్యాంకులన్నీ నేనే త్రీడీ ప్రింటర్‌లో ప్రింట్ చేశా. పాకిస్తాన్ వైపు ఎం47, ఎం48 పాటన్‌లు. మన వైపు 3 కావల్రీ అనే రెజిమెంట్ సెంచూరియన్ ట్యాంకులు, డెక్కన్ హార్స్ రెజిమెంట్ షెర్మన్ ట్యాంకులు, కొన్ని ఏఎంఎక్స్-13 ట్యాంకులు. చరిత్రలో పాటన్‌లకు అక్కడ సమాధి కట్టారు. మా టేబుల్ మీద మాత్రం ఎవరు ఆడినా పాటన్‌లే గెలుస్తున్నాయి. షెర్మన్‌లయితే రెండో టర్నుకే బూడిద. లోపం రూల్స్‌లో ఉందా, మేం ఆడే తీరులో ఉందా?

ఇనుపగుర్రం అన్న అమెరికాలో ఏదో కన్వెన్షన్‌లో ఇదే గేమ్ ఆడానని ఎప్పుడో అన్నాడు. అన్నా, వివరంగా రాయవా?

కొత్తగా_వచ్చా (విజయవాడ)

ట్యాంకులంటే వీడియో గేమా అండీ?

త్రీడీ_కిరణ్

కాదు బ్రో. బొమ్మ ట్యాంకులు, పాచికలు, కొలిచే టేపు, పెద్ద బల్ల. కంప్యూటర్‌తో పనే లేదు. నలుగురు మనుషులు కూర్చుని గొడవపడాలి, అంతే.

ఇనుపగుర్రం (ఎడిసన్, న్యూజెర్సీ)

రాస్తా కిరణ్, కాస్త పొడుగవుతుంది.

2023 జూలై, పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్, హిస్టారికాన్. హెచ్.ఎం.జి.ఎస్. అనే చారిత్రక మినియేచర్ గేమర్ల సంఘం జరిపే కన్వెన్షన్ అది. మనవాళ్లకి కన్వెన్షన్ అంటే స్టేజీ, ప్రసంగాలు, శాలువాలు. అక్కడ అవేమీ లేవు. హాలు నిండా బల్లలే. ఒకదాని మీద నెపోలియన్, పక్కదాని మీద రోమన్లు, ఆ పక్కన వియత్నాం. ప్రతి బల్లకీ ఒక జీఎం, అంటే గేమ్ మాస్టర్ ఉంటాడు. బొమ్మలు, చెట్లు, ఇళ్లు, రూల్స్ కాగితాలు అన్నీ తనే కారులో వేసుకొచ్చి, ముందుగా పేరిచ్చిన వాళ్లతో మూడు నాలుగు గంటలు ఆడిస్తాడు. ఇంకోపక్క పాత బొమ్మలు అమ్ముకునే ఫ్లీ మార్కెట్ ఉంటుంది. అక్కడికి క్రెడిట్ కార్డు లేకుండా వెళ్లడమే క్షేమం.

షెడ్యూల్లో అసల్ ఉత్తర్ పేరు చూసి ఎగిరి గంతేశా. అమెరికన్లకి ట్యాంక్ గేమ్ అంటే నార్మండీ, లేకపోతే కుర్స్క్. 1965 గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ. నేను వెళ్లేసరికి మన వైపు కుర్చీలన్నీ నిండిపోయాయి. మిగిలింది పాటన్ ఒక్కటే. సరే అని కూర్చున్నా.

రూల్స్ ‘వాట్ ఎ టాంకర్’వి. ఇంగ్లండ్‌లో టూ ఫ్యాట్ లార్డీస్ వాళ్లు 2018లో తెచ్చిన ఆట. అసలుది రెండో ప్రపంచ యుద్ధానికి రాసింది, జీఎం దాన్ని 1965కి సర్దుకున్నాడు. ఒక్కో ఆటగాడికి ఒక్కటే ట్యాంక్. టర్ను రాగానే ఆరు పాచికలు వేస్తావు. 1 పడితే కదలొచ్చు. 2 పడితే శత్రువుని కనిపెట్టొచ్చు. 3 గురి, 4 కాల్పు, 5 మళ్లీ గుండు నింపడం. 6 పడితే దేనికైనా వాడుకోవచ్చు. దీని తమాషా ఆడితేనే తెలుస్తుంది. ఎదురుగా గజం దూరంలో సెంచూరియన్ నిలబడి ఉన్నా 2 గానీ 6 గానీ పడకపోతే నీకు కనపడనట్టే లెక్క. ట్యాంక్‌కి దెబ్బ తగిలేకొద్దీ పాచికలు తగ్గుతాయి. మూడు పాచికలకి వచ్చేసరికి ఇక లోపల సిబ్బంది పరిస్థితి నీకే అర్థమవుతుంది.

ఇక నీ ప్రశ్నకొస్తా. మా జీఎం టేబుల్ మీద మొదట మన ట్యాంక్ ఒక్కటీ పెట్టలేదు. మన వైపు నలుగురూ తమ ట్యాంకులు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద గుర్తు పెట్టి ఆయనకి ఇచ్చేశారు. మాకు కనిపించిందల్లా చెరకు తోటలు, ఒక మట్టి రోడ్డు, దూరంగా నాలుగు ఇళ్లు. నేను ధైర్యంగా రోడ్డు వదిలి చెరకు అంచు వెంబడి దూసుకెళ్లా. ముందుకు వెళ్లడానికి ఒకటి కాదు, రెండు 1లు వాడా. జీఎం తన చేతిలో మ్యాప్ వంక ఓసారి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా, చొక్కా జేబులోంచి నీలం పూస ఒకటి తీసి నా ట్యాంక్ పక్కన పెట్టాడు. ఏంటిదని అడిగితే ‘నీళ్లు’ అన్నాడు. అప్పటిదాకా ఆ పొలం మిగతా పొలాల్లాగే పచ్చగా ఉంది! తర్వాత టర్నులో బయటపడదామని ట్యాంక్‌ని పక్కకి తిప్పబోయా. పూర్తిగా దిగబడిపోయింది. పక్కవైపు కవచం మొత్తం చెరకు తోటకి అప్పజెప్పి కూర్చున్నా. ఆ తోటలోనే ఉన్నాయి రెండు సెంచూరియన్‌లు.

గెలుపు లెక్క కూడా మామూలుగా లేదు. పాకిస్తాన్ వాళ్లు ఎన్ని ట్యాంకులు పేల్చినా పాయింట్లు రావు. టేబుల్ అవతలి అంచు దాటి ట్యాంకులు బయటికి పోవాలి. ఎందుకంటే వాళ్ల 1వ ఆర్మర్డ్ డివిజన్ అసలు పథకం బియాస్ నది మీది వంతెన అందుకుని గ్రాండ్ ట్రంక్ రోడ్డుని తెగ్గొట్టడం, ఖేమ్ కరణ్ పొలాల్లో తిరిగి మన ట్యాంకుల్ని వేటాడటం కాదు. ఆ షరతు లేకపోతే పాటన్ ఆడేవాడు హాయిగా దూరంగా ఆగి, 90 ఎం.ఎం. గన్‌తో ఒక్కో షెర్మన్‌నే ఏరేస్తాడు. మీ టేబుల్ మీద జరుగుతున్నది అదే అనుకుంటా.

గద_భీముడు (కర్నూలు)

అంతా బాగుంది గానీ పాకిస్తాన్ సైడ్ ఎలా ఆడబుద్ధి అయిందన్నా నీకు?

ఇనుపగుర్రం

కుర్చీ అదొక్కటే ఖాళీగా ఉంది తమ్ముడూ. పైగా పదిహేను నిమిషాల్లో దిగబడిపోయా, నీకు సంతోషమేగా.

మోడరేటర్

దేశభక్తి చర్చ వేరే థ్రెడ్‌లో. ఇక్కడ ట్యాంకులు, పాచికలు మాత్రమే.

పాచికల_పంతులు (రాజమండ్రి)

కిరణ్, ముందు మీ బల్ల కొలత చెప్పు. ఆరడుగుల బల్ల అనుకుందాం, 183 సెంటీమీటర్లు. 1/100 స్కేల్లో అది 183 మీటర్లు. పాటన్‌లు వెయ్యి గజాల లోపుకి వచ్చేదాకా మన సెంచూరియన్‌లు ఆగి కాల్చాయని చెబుతారు. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. నీ బొమ్మల లెక్కలో తొమ్మిది మీటర్ల పైచిలుకు. మీ హాల్లోంచి వంటింట్లోకి కాల్చాలి!

అందుకే అందరూ రేంజిని కుదించి ఆడతారు, తప్పులేదు. కానీ కుదించేటప్పుడు ఒక మోసం జరుగుతుంది. బల్ల మొత్తం అందరి రేంజిలోకీ వచ్చేస్తుంది. దాక్కుని, దగ్గరికి రానిచ్చి కొట్టడం అనే పనికే చోటు ఉండదు. ఇక మిగిలేది గన్ను, కవచం లెక్కలు. ఆ లెక్కల్లో షెర్మన్ మీద పాటన్ గెలవక ఏం చేస్తుంది? 6 ఎం.ఎం., అంటే 1/285లో అదే బల్ల 520 మీటర్లు దాటుతుంది. కాస్త నయం.

త్రీడీ_కిరణ్

6 ఎం.ఎం. ట్యాంక్ గోరంత ఉంటుంది పంతులుగారూ. రంగు వేసే సరదానే పోతుంది. 15 నుంచి దిగేది లేదు.

పాచికల_పంతులు

దిగొద్దు. అయితే చూపుని తగ్గించు. అసలు రోగం స్కేలు కాదు, బల్ల పైనుంచి వంగి చూసే మన కళ్లు. సెంచూరియన్ బొమ్మని చెరకు మధ్యలో పెట్టేశాక, ‘నాకు కనిపించలేదు’ అని ఎంత నిజాయితీగా ఆడినా చెయ్యి ఆగదు. ట్యాంక్ ఆ తోట చుట్టూ తిరిగే పోతుంది.

ఈ సమస్య పాతదే. పాత జర్మన్ రాజ్యం ప్రష్యాలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంట్ 1824లో తన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడని సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి మ్యూఫ్లింగ్‌కి చూపించాడు. అందులో రెండు పక్షాలూ తమ ఆజ్ఞలు కాగితం మీద రాసి అంపైర్‌కి ఇవ్వాలి. ఏది కనపడుతుందో ఏది కనపడదో ఆయనే చెప్తాడు. ఇంకా బాగా నచ్చింది రెండో ప్రపంచ యుద్ధం నాటిది. 1942లో లివర్‌పూల్ డెర్బీ హౌస్‌లో బ్రిటిష్ నౌకాదళం ఒక యుద్ధక్రీడల విభాగం పెట్టింది. కమాండర్ గిల్బర్ట్ రాబర్ట్స్ దాని పెద్ద. సిబ్బందిలో ఎక్కువమంది రెన్స్, అంటే నౌకాదళంలో పనిచేసే అమ్మాయిలు. నేల మీద సుద్దముక్కతో సముద్రం గీసి, జర్మన్ సబ్‌మెరైన్‌లని ఎలా వేటాడాలో ఆడించేవాళ్లు. ఆట నేర్చుకునే అధికారులని మాత్రం కాన్వాస్ తెరల వెనక నిలబెట్టి, చిన్న సందులోంచి చూడనిచ్చేవారు. ఓడ మీద నిలబడితే ఎంత కనిపిస్తుందో అంతే కనిపించాలని.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, నీ ఇంట్లో కాన్వాస్ తెర అక్కర్లేదు. అట్టపెట్టె చాలు.

కొత్తగా_వచ్చా

డెక్కన్ హార్స్ అంటే మన హైదరాబాద్ దక్కనేనా?

బొల్లారం_బాబాయ్ (సికింద్రాబాద్)

ఆ దక్కనే బాబూ. నిజాం రాజ్యంలో ఉండిన హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాల నుంచి వచ్చింది. 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్స్ అని రెండు రెజిమెంట్లు ఉండేవి. 1921లో రెండిటినీ కలిపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జూలై 14న, ఫ్రాన్స్‌లో హై వుడ్ అనే అడవి దగ్గర ఈ 20వ డెక్కన్ హార్స్ ఈటెలు పట్టుకుని గుర్రాల మీద దాడి చేసింది. ఎదురుగా మెషిన్ గన్లు. ఆ రెజిమెంటే 1965 నాటికి షెర్మన్‌లలో కూర్చుంది.

నేను ఈఎంఈలో, అంటే సైన్యంలో ట్యాంకులూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో చేశా. ఉద్యోగంలో సగం కాలం ట్యాంకుల కిందే పడుకున్నా. అందుకని కిరణ్‌కి ఒకటి రెండు మాటలు.

మీ రూల్స్‌లో పాటన్‌కి గురి ఎంత సులువుగా పెట్టారు? ఎం47లో దూరం కొలిచేది స్టీరియోస్కోపిక్ రేంజ్‌ఫైండర్. చాలా ఖరీదైన, చాలా తెలివైన యంత్రం. దాన్ని వాడాలంటే గన్నర్‌కి కన్ను కుదరాలి, దానికి తర్ఫీదు కావాలి. కదలకుండా నిలబడి, తీరిగ్గా కొలుచుకుంటే దానికి తిరుగులేదు. చెరకులోంచి ఉన్నట్టుండి గుండ్లు వస్తుంటే తీరిక ఎక్కడిది? సెంచూరియన్ 7లో 20 పౌండర్ గన్నుకి అంత హంగామా లేదు. దగ్గరి దూరంలో చూసి కొట్టడమే. అంటే దూరంలో పాటన్‌కి లాభం, దగ్గర్లో ఆ లాభం పోవాలి. మీ రూల్స్‌లో అది ఉందా?

రెండోది, వాళ్ల ట్యాంకుల వెంట పదాతి దళం సరిగ్గా రాలేదు. మన 4 గ్రెనేడియర్స్ పదాతి పటాలం కందకాలు వదల్లేదు. ట్యాంక్ ఒక్కటే వచ్చి కందకం దాటి పోయినంత మాత్రాన ఆ నేల వాళ్లది అయిపోదు కదా. టేబుల్ మీద అందరికీ ట్యాంకుల మీదే ప్రేమ. సిపాయి బొమ్మలు ఎవరూ పెట్టరు.

నల్లరేగడి (తెనాలి)

బురద గురించి నేను చెప్తా, ఆ సబ్జెక్టు మనది.

ఇనుపగుర్రం గారి ఆటలో ట్యాంక్ తిప్పినప్పుడే దిగబడిందన్నారు చూశారా, అది సరిగ్గా పెట్టాడు ఆ జీఎం ఎవరో గానీ. దమ్ము చేసిన మడిలో కేజ్ వీల్స్ వేసుకుని ట్రాక్టర్ నేరుగా పోతే పోతుంది. గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడే అసలు కథ. చక్రం పక్కకి తోసేకొద్దీ మట్టి పైకొచ్చి ఇరుసుకి ఆనుతుంది, ఇక కదలదు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. ట్యాంక్‌ది చక్రం కాదు గొలుసు పట్టీ, నాకు తెలుసు. కానీ అది తిరిగేది కూడా ఒక పట్టీని ఆపో, నెమ్మది చేసో ఇంకోదాన్ని తిప్పేగా? అప్పుడు పట్టీ మట్టిని పక్కకి దున్నుతుంది.

ఇంకో మాట. పొలానికి నీళ్లు పెట్టిన మర్నాడు పైన ఆరినట్టే ఉంటుంది. ఎండకి పెచ్చు కడుతుంది. మనిషి నడిస్తే ఆగుతుంది కూడా. దాని మీదికి 45 టన్నులు తెస్తే ఏమవుతుంది? కాబట్టి టేబుల్ మీద నీళ్ల పొలాన్ని నీలం రంగు వేసి చూపించడం శుద్ధ తప్పు. కనిపిస్తే ఎవడు దిగుతాడు?

గద_భీముడు

మరి మన సెంచూరియన్ పాటన్ కంటే బరువు కదా? 50 టన్నులు దాటుతుంది. అది ఎందుకు దిగబడలేదు? మన ట్యాంకులకి బురద అంటదా?

నల్లరేగడి

అది ఎక్కడికి పోయింది దిగబడటానికి? ఆగిన చోటే ఉంది.

బొల్లారం_బాబాయ్

ఆహా! ఈ ఒక్క మాటకి నీకు టీ ఇప్పించాలి.

సరిగ్గా అదే. 4 మౌంటెన్ డివిజన్ మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్ తన దళాల్ని అసల్ ఉత్తర్ చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో సర్దాడు. 3 కావల్రీ లెఫ్టినెంట్ కర్నల్ సలీం కేలెబ్ సెంచూరియన్‌లని చెరకులో దాచాడు. కాలువలకి గండి కొట్టి పొలాల్లోకి నీళ్లు వదిలారు. కదలాల్సిన అవసరం అవతలివాడిదే. వాడు బియాస్ దాకా పోవాలి. మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. కిరణ్, మీ ఆటలో మనవైపు ఆడేవాళ్లు ట్యాంకుల్ని కదుపుతున్నారా?

త్రీడీ_కిరణ్

బాబాయ్, కదపకపోతే ఏం చేస్తారు? పాచికలు చేతిలో ఉన్నాయి, ఊరికే కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు! మొదటి టర్నులోనే చెరకులోంచి బయటికొచ్చి ‘జై హింద్’ అని కాల్చేస్తున్నారు.

పాచికల_పంతులు

దొరికింది జబ్బు.

సత్యవతి_ఎం (తిరుపతి)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు ఈ థ్రెడ్ మొత్తం చదివాక ఒకటి ఇబ్బందిగా ఉంది. అసల్ ఉత్తర్‌లో 4 గ్రెనేడియర్స్ కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీది గన్‌తో పాటన్‌లని కొడుతూ చనిపోయారు. మరణానంతరం పరమ వీర చక్ర ఇచ్చారు. అవతలి వైపూ ట్యాంకుల్లో మనుషులే కాలిపోయారు. వాళ్లకి పిల్లలు, మనవలు ఉన్నారు. 1824 ఆటలో చచ్చినవాళ్లు ఎవరికీ గుర్తులేరు. ఇది అలా కాదు కదా. మీరు పాచిక వేసి ‘హమీద్ 5 పడితే బతుకుతాడు’ అని ఆడతారా?

గద_భీముడు

మేడమ్, ఆటని ఆటలాగా చూడాలి.

సత్యవతి_ఎం

అలాగే చూద్దామనే అడుగుతున్నాను. సమాధానం అది కాదు.

ఇనుపగుర్రం

సత్యవతి గారూ, మా టేబుల్ మీద ఏం జరిగిందో చెప్తా, మీరే చూడండి. జీఎం హమీద్ పేరుతో బొమ్మ పెట్టలేదు. ట్యాంకుల్ని కొట్టే 106 ఎం.ఎం. రీకాయిల్‌లెస్ గన్ బిగించిన జీపులు రెండు పెట్టాడు. వాటికి ప్రత్యేక శక్తులు, వీరత్వం పాయింట్లు ఏమీ లేవు. ఆట మొదలయ్యే ముందు మాత్రం 4 గ్రెనేడియర్స్ గురించి, సెప్టెంబర్ 10న చీమా గ్రామం దగ్గర జరిగినదాని గురించి రెండు నిమిషాలు చెప్పాడు. కుర్చీల్లో ఉన్న అమెరికన్లలో ఆ పేరు ముందు విన్నవాళ్లు లేరు. జీపు ఆడినవాడు ఆట అయ్యాక వచ్చి, ఆ మనిషి ఆ జీపులో కూర్చుని అన్నిసార్లు ఎలా కాల్చగలిగాడని నన్ను అడిగాడు. తన జీపు కాల్చిన మరుక్షణమే పేలిపోయిందట.

బొల్లారం_బాబాయ్

అమ్మా, మీ మాట కాదనను. కానీ సైన్యంలో కూడా మేం ఆడతాం. ఇసుకతో నేల చేసి, దారప్పోగులు గీతలుగా పరిచి, అగ్గిపెట్టెలు ట్యాంకులుగా పెట్టి. శాండ్ మోడల్ అంటాం. చనిపోయినవాళ్ల తప్పొప్పులు కూడా అక్కడే మాట్లాడుకుంటాం, గొంతు తగ్గించి.

106 గురించి అడిగాడు కదా ఆ అమెరికన్. ఆ గన్ను వెనకనుంచి మంట, దుమ్ము ఎంత లేస్తాయంటే మైలు దూరంనుంచి చోటు తెలిసిపోతుంది. పైగా దాని మీద ఒక .50 స్పాటింగ్ రైఫిల్ ఉంటుంది. ముందు దానితో ఒక తూటా వదిలి, అది ఎక్కడ తగిలిందో చూసుకుని అప్పుడు పెద్ద గుండు వదలాలి. అంటే శత్రువుకి ముందే ఒకసారి చెప్పి కొట్టినట్టు. జీపుకి కవచం లేదు. బతకాలంటే కాల్చి, దుమ్ము తగ్గేలోపు ఇంకో చోటుకి పోవాలి. అదే పదే పదే చెయ్యాలి.

మీ రూల్‌లో ఇలా పెట్టండి: జీపు కాల్చిన చోట దూది ముక్క పెట్టండి. తర్వాత టర్నులో ఆ దూదికి నాలుగంగుళాల లోపే ఉంటే శత్రువుకి 2 పాచిక అక్కర్లేకుండా కనిపిస్తుంది. పక్కకి పోతే మళ్లీ దాక్కున్నట్టు.

సత్యవతి_ఎం

దూది ముక్క బాగుంది. పేరు పెట్టకపోవడమూ బాగుంది. అయితే ట్యాంకుల సంఖ్య గురించి కూడా ఆటకి ముందు చెప్పండి. 97 అని అందరం రాస్తాం. అది ధ్వంసమైనవీ, వదిలేసి పోగా పట్టుబడినవీ కలిపి భారత్ చెప్పిన లెక్క. పాయింట్ల పట్టికలో ‘97 పేల్చాలి’ అని పెడితే చరిత్రా కాదు, ఆటా కాదు. చాలావాటిని సిబ్బంది బురదలో వదిలేసి దిగిపోయారు. భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెట్టి పాటన్ నగర్ అన్నది వాటినే.

పాచికల_పంతులు

ఇందులో మంచి రూల్ దాగి ఉంది. ట్యాంక్ పేలక్కర్లేదు, సిబ్బంది దిగిపోతే చాలు. దిగబడిన ట్యాంక్‌కి పాచికలు రెండుకి తగ్గితే వదిలేసి పోవాలా వద్దా అని ఒక పాచిక వెయ్యండి. కిరణ్‌కి ప్రింటింగ్ కూడా కలిసొస్తుంది, కాలిపోయిన బొమ్మలు వేరే చెయ్యక్కర్లేదు.

కొత్తగా_వచ్చా

చెరకు తోట ఎలా చేస్తారండీ? అదే నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉంది.

త్రీడీ_కిరణ్

ఇదొక్కటి నాకు బాగా వచ్చు. గుమ్మం ముందు వేసే కొబ్బరి పీచు డోర్ మ్యాట్ ఉంటుంది కదా, అది. బేగం బజార్‌లో దొరుకుతుంది. రబ్బరు అడుగు లేనిది చూసుకో, లేకపోతే కోసేటప్పుడు బ్లేడ్ నడవదు. సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి, ఆకుపచ్చ స్ప్రే పైనుంచి మాత్రమే కొట్టాలి. కింద పీచు రంగు అలాగే ఉంటే గడ కనిపించినట్టు ఉంటుంది.

ఎత్తు దగ్గర మాత్రం జాగ్రత్త. సెప్టెంబర్‌లో చెరకు మనిషిని దాటి పెరిగి ఉంటుంది. రెండున్నర మీటర్లు అనుకుంటే 1/100లో రెండున్నర సెంటీమీటర్లు. మ్యాట్ పీచు సెంటీమీటరున్నర మించదు. అందుకని కింద ఫోమ్ షీట్ అతికించి లేపాలి. సెంచూరియన్ ఎత్తు మూడు మీటర్లు, బొమ్మలో మూడు సెంటీమీటర్లు. అప్పుడు టరెట్, అంటే గన్ ఉండే తిరిగే గూడు, దాని పైభాగం ఒక్కటే బయటికి కనిపిస్తుంది. నేను మొన్న అలా పెట్టి పాటన్ ఎత్తులో ఫోన్ పెట్టి ఫోటో తీశా. నిజంగానే ఏమీ కనపడలేదు!

పాచికల_పంతులు

అదిగో నీ లివర్‌పూల్ తెర. ఫోన్.

త్రీడీ_కిరణ్

అంటే?

పాచికల_పంతులు

పాటన్ ఆడేవాళ్లని పక్క గదిలో కూర్చోబెట్టు. బల్ల దగ్గర నువ్వొక్కడివే అంపైర్. వాళ్ల ట్యాంక్ ముక్కు దగ్గర ఫోన్ పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ఆ ఫోటో చూసి ఏం చెయ్యాలో రాసి పంపాలి. అంతకు మించి వాళ్లకేమీ చూపించకు.

త్రీడీ_కిరణ్

అందరూ వినండి, ఆడేశాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే రాత్రి దాకా పట్టింది. పాటన్‌ల వాళ్లు మా బెడ్‌రూమ్‌లో, మనవాళ్లు హాల్లో. నీళ్ల పొలాలు నా నోట్‌బుక్‌లో మాత్రమే ఉన్నాయి. నల్లరేగడి గారు చెప్పినట్టు నేరుగా పోతే పాచిక లేదు, తిప్పితేనే ఉంది. బాబాయ్ చెప్పినట్టు దూరంలో పాటన్‌కి గురి సులువు, దగ్గర్లో రెండు 3లు పడాలి.

బెడ్‌రూమ్‌లోంచి అరుపులు మామూలుగా లేవు. ఫోటోలో పచ్చదనం తప్ప ఏమీ లేదు. ‘ఎక్కడినుంచి కాలుస్తున్నార్రా’ అని ఒకడు తలుపు తీసుకుని వచ్చేయబోయాడు. మూడు పాటన్‌లు దిగబడ్డాయి, వాటిలో రెండు వదిలేసి పోయారు. ఒక్కటే అవతలి అంచు దాటింది. మొట్టమొదటిసారి మనవైపు గెలిచింది.

కానీ కొత్త తలనొప్పి. హాల్లో మనవాళ్లకి బోరు కొట్టేసింది. సగం ఆట వాళ్లు కాల్చకుండా ఆగాలి. ఒకడు ఐపీఎల్ పాత మ్యాచ్ పెట్టుకుని చూశాడు. ఇంకోసారి పిలిస్తే రారేమో అని టెన్షన్‌గా ఉంది.

గద_భీముడు

గెలిచి కూడా ఏడుస్తున్నారా!

బొల్లారం_బాబాయ్

నిజం యుద్ధంలో కూడా ఎక్కువ భాగం అదే నాయనా. కూర్చోవడం, చెమట పట్టడం. కాకపోతే దానికి జీతం ఇస్తారు.

ఇనుపగుర్రం

మా జీఎం దీనికి ఒక ఉపాయం చేశాడు. సెంచూరియన్ వాళ్ల చేతిలోనే జీపులు కూడా పెట్టాడు. ట్యాంక్ కదలకూడదు, జీపు ఆగకూడదు. షెర్మన్ ఆడినవాడికి ఇంకా మంచి పని. ముందు నిలబడి నాలుగు గుండ్లు కాల్చి, వెనక్కి తగ్గుతూ మమ్మల్ని నాడా లోపలికి లాక్కెళ్లాలి. షెర్మన్ బతికి గుర్రపు నాడా వెనక్కి చేరితే వాళ్లకి పాయింట్లు. అంటే షెర్మన్ పాటన్‌ని పేల్చలేకపోయినా దాని ఆట దానికుంది. హాలు మొత్తంలో ఎక్కువ నవ్వింది ఆ షెర్మన్ వాడే. వాడి వెనకాల వచ్చినవాళ్లలో నేనూ ఉన్నా.

సత్యవతి_ఎం

కాల్చకుండా ఆగినందుకు కూడా పాయింట్ ఇవ్వండి. ప్రతి టర్నూ అంపైర్ రహస్యంగా రాసుకుంటాడు. ముందే కాల్చినవాడికి అది పోతుంది. అప్పుడు ఆగడం కూడా ఒక నిర్ణయం అవుతుంది, ఖాళీ సమయం కాదు.

త్రీడీ_కిరణ్

మేడమ్, ఇది అదిరింది. ఆగినందుకు వచ్చిన పాయింట్లని దగ్గరి దూరంలో మొదటి గుండుకి అదనపు పాచికలుగా ఇస్తే? ఎంత ఆగితే అంత గట్టి దెబ్బ.

పాచికల_పంతులు

మూడు దాటనివ్వకు. లేకపోతే ఈసారి ఒక్క పాటన్ కూడా బతకదు, బెడ్‌రూమ్ వాళ్లు మానేస్తారు.

కొత్తగా_వచ్చా

కిరణ్ గారూ, వచ్చే ఆటకి విజయవాడ నుంచి ఒకడు వస్తే చోటుందా? ఏ వైపైనా సరే.

త్రీడీ_కిరణ్

ఉంది బ్రో. బెడ్‌రూమ్‌లో.